అశ్వహృదయము: స్వల్పవ్యయముతో ర్యాలీకారు ఇంజను

అరణ్యపర్వమందలి నలోపాఖ్యానమును చదివిన సోదరీమణులకు ఋతుపర్ణ మహారాజు ప్రయాణము జ్ఞప్తియందుండకపోదు. దమయంతి ద్వితీయ స్వయంవరవార్త విని, ఒక్క పగటిలో అయోధ్యనుండి కుండిననగరము చేరవలెనని అతడు త్వరపడెను. సారథియైన బాహుకుడు అశ్వశాలకు బోయి, చూపునకు బక్కచిక్కియున్న గుఱ్ఱములను ఏరి తెచ్చి రథమునకు పూన్చెను. రాజు వానిని జూచి, ఇవియా మనలను అంతదూరము గొనిపోవునవి యని శంకించెను. కాని బాహుకరూపముననున్న నలునకు అశ్వహృదయము తెలియును. అతడు మేని నిగ్గును జూడక లోని సత్తువను జూచెను. ఆ బక్కగుఱ్ఱములే వాయువేగమున బోయినవి. త్రోవలో ఋతుపర్ణుడొక తాండ్రచెట్టును జూచి, దాని యాకులును కాయలును ఇన్నియని చెప్పగా, నలుడు రథము నిలిపి, దిగి, లెక్కించి చూచినగాని నమ్మలేదు. లెక్క సరిపోయినది. అంతట ఒకరి యశ్వవిద్యను, ఒకరి సంఖ్యావిద్యను మార్చుకొనుటకు ఇరువురును ఒడబడిరి.

ఈ కథ నాకిటీవల మాటిమాటికి తలపునకు వచ్చుచున్నది. కారణము గుఱ్ఱము గాదు, ఇంగ్లండు దేశమున మా తమ్ముడు కొన్న యొక పాత మినీకారు. దాని యింజను చెడిపోయి యుండెను. దానికి మంచి యింజను గట్టి, పూర్వకాలపు కార్లకై జరుగు ర్యాలీలలో నడపవలెనని వాని కోరిక. ర్యాలీ యనగా గుండ్రని పందెపుబాటలో తిరుగుట గాదు. సామాన్యమైన దారులమీద, కొండమలుపులలో, వానలో, మంచులో, నియమితకాలమునకు ఒక చోటినుండి మఱియొక చోటికి చేరుట. నడపువారొకరు; ప్రక్కన పటమును గడియారమును జూచుచు దారి చెప్పువారొకరు.

ఆ సమయమున మా మరదలు నాకిట్లు వ్రాసినది: “వదినగారూ, మీ తమ్ముడు ఇంజను పని ఆరంభించినారు. ఇందులకై మేము తీయగలిగినది రెండువేల పౌనులు. అంతకు మించినచో వేసవిలో పిల్లలతో మీ యొద్దకు వచ్చు ప్రయాణము మానవలసినదే. ఆయన తెప్పింపదలచిన వస్తువుల పట్టిక పంపుచున్నాను. ఇందులో ఏది ముఖ్యమో, ఏది మోజో నాకు తెలియదు. ఆయన నడిగిన, అన్నియు ముఖ్యమే యందురు.”

నాకు మాత్రమేమి తెలియును? కాని ఆ ప్రయాణము ఆగరాదను స్వార్థము నాకును గలదు. కాబట్టి ఈ సంగతిని నేర్చుకొన గూర్చుంటిని. నేర్చుకొనినకొలది, ఇది గృహిణులకు పరిచితమైన విద్యయే యని తోచినది. ఎక్కడ పొదుపు చేయవచ్చును, ఎక్కడ చేయరాదు అను వివేకమే దీని సారము.

బక్కగుఱ్ఱపు వంశము

మినీకారును అలెక్ ఇస్సిగోనిస్ అను శిల్పి రూపొందించెను. అది 1959వ సంవత్సరమున వెలువడినది. దానిలోని యింజను అంతకు పూర్వమే, 1951లో, ఆస్టిన్ ఏ30 అను చిన్నకారుకొఱకు పుట్టినది. దానిని ‘ఏ’ శ్రేణి యింజను అందురు. మొదట దాని పరిమాణము 803 ఘనసెంటీమీటర్లు, బలము సుమారు 28 అశ్వశక్తి. మినీలో అమర్చునప్పటికి 848 ఘ.సెం., 34 అశ్వశక్తి. పందెపుకార్లను నిర్మించు జాన్ కూపర్ ఆ చిన్నబండి చుఱుకుదనమును గుర్తించినందున, 1961లో 997 ఘ.సెం., 55 అశ్వశక్తిగల మినీ కూపరు వచ్చినది. 1963లో కూపర్ ఎస్ అను మేలుజాతి వచ్చినది. 1964లో దానికి 1275 ఘ.సెం. ఇంజను చేరి, బలము 76 అశ్వశక్తి యైనది. పదుమూడేండ్లలో ఒకే వంశమున బలము రెండున్నర రెట్లు దాటినది.

మన దేశమున ఈ వంశపు బంధువు నెఱుగనివారరుదు. 2014వ సంవత్సరమున నిర్మాణము నిలిచిపోయిన అంబాసిడరు కారులో చిరకాలము పనిచేసిన 1489 ఘ.సెం. పెట్రోలు ఇంజను, ఆ కంపెనీవారి ‘బి’ శ్రేణిలోనిది, అనగా దీనికి అక్కవంటిది.

మినీ కూపరునకు తొలి గొప్ప విజయము తెచ్చినవారు ఇరువురు స్త్రీలని చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది. 1962లో హాలెండు దేశపు ట్యూలిప్ ర్యాలీలో పాట్ మాస్ కారు నడపగా, ఆన్ విజ్డమ్ దారి చెప్పినది. అంతకు రెండేండ్లకు ముందే ఆ యిరువురును ఆస్టిన్ హీలీ 3000 కారులో లియేజ్ - రోమ్ - లియేజ్ అను మిక్కిలి కఠినమైన ర్యాలీని గెలిచియుండిరి. స్త్రీల తరగతిలో గాదు, అందఱిలోను ప్రథములుగా. పాట్ మాస్ కార్లకు రాకమునుపు గుఱ్ఱముపై అడ్డంకులను దూకు పోటీలలో పేరొందినది. ఆమెకు రెండు విధములైన అశ్వహృదయములును తెలియునన్నమాట.

1964లో మాంటీ కార్లో ర్యాలీని పాడీ హాప్‌కిర్క్, హెన్రీ లిడన్ అనువారు 1071 ఘ.సెం. కూపర్ ఎస్‌తో గెలిచిరి. రెండవస్థానమున నిలిచినది ఎనిమిది సిలిండర్ల పెద్ద ఫోర్డు ఫాల్కన్. ఇంజను పరిమాణము మున్నగువానిని బట్టి కాలమును సవరించు నిబంధన చిన్నకారునకు తోడ్పడినమాట నిజమే; కాని మంచుకొండలలో అది పెద్దకారునకు దీటుగా పరుగెత్తినమాటయు నిజమే. 1965లోను, 1967లోను మఱల మినీయే గెలిచినది. 1966లో మొదటి మూడుస్థానములును మినీలకే వచ్చినను, ముందుదీపములు నిబంధనలకు విరుద్ధముగా నున్నవని నిర్వాహకులు వానిని త్రోసివేసిరి.

ఈ 1966 సంగతిని మా తమ్మునకు మొట్టమొదట వ్రాసితిని. నిబంధనలు చదువుట ప్రథమమైన పొదుపు. ఏ యేటి కారునకు ఏ యింజను ఒప్పుదురో, ఏ భాగములు ఆ కాలమునాటివై యుండవలెనో తెలిసికొనక కొన్న వస్తువు ఎంత చౌకయైనను దండుగయే. వాడు చదివి చూచి, అసలైన కూపర్ ఎస్ ఇంజను మన తాహతునకు మించినదని తేల్చి, అదే కాలపు మోరిస్ 1300 అను సంసారపు కారులోని యింజనును పాతసామానుల దుకాణమున కొనెను. అదియు ఏ శ్రేణిలోని 1275 ఘ.సెం. ఇంజనే, బలము మాత్రము 60 అశ్వశక్తికి లోపు. మసిపట్టి, తుప్పుపట్టి, చూచినవారు ముక్కు మూసికొనునట్లున్నదట. బక్కగుఱ్ఱము దొరకినదని నేను సంతోషించితిని.

ఊపిరియే బలము

ఇంజను బలమెక్కడనుండి వచ్చును? గాలినుండి. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలియు పెట్రోలు ఆవిరియు సిలిండరులోనికి వచ్చును. పైకెక్కునప్పుడు అది ఒత్తబడును. నిప్పురవ్వ తగిలి మండి పిస్టనును త్రోయును. తరువాత పొగ వెలుపలికి బోవును. పిస్టను పైకి రెండుమాఱులు, క్రిందికి రెండుమాఱులు, ఒక్కసారి ఊపిరి. 1275 ఘ.సెం. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు, నిండుగ పీల్చగలిగినచో, 3800 లీటర్లకు పైచిలుకు గాలి లోనికి బోవలెను. పెట్రోలు నెంతైనను పోయవచ్చును. సుమారు పదునైదు పాళ్ళ బరువు గాలి లేనిదే ఒక పాలు పెట్రోలు చక్కగా మండదు. పొయ్యి ఊదిన మనకు ఇది క్రొత్త సంగతి గాదు.

ఈ యింజను ఊపిరి యంతయు దాని హెడ్డులో నున్నది. హ్యారీ వెస్లేక్ తీర్చిన యా హెడ్డులో నాలుగు సిలిండర్లకు లోనికి గాలివచ్చు దారులు రెండే. రెండేసి సిలిండర్లు ఒక్కొక్క దారిని పంచుకొనును. పొగ పోవు దారులు మూడు. కొనలనున్న సిలిండర్లకు చెఱియొకటి, నడిమి రెంటికి ఒకటి. ఇద్దఱు పిల్లలు ఒకే గొట్టముతో పాలు త్రాగినట్లు. కావున ఆ యిఱుకుదారిని నునుపుచేసిన, అన్నిటికంటె ఎక్కువ ఫలము దక్కును. ఇంగ్లండులో డౌన్‌టన్ గ్రామమున డేనియల్ రిచ్‌మండ్, ఆయన భార్య బంటీ కలసి నడపిన పనిశాల 1960 - 70 సంవత్సరముల నడుమ ప్రసిద్ధికెక్కినది ప్రధానముగ ఈ పనితోనే.

ఈ పనికి కావలసినది ధనము గాదు, ఓపిక. మా తమ్ముడు రెండునెలలపాటు సాయంకాలములందు చేతితో పట్టుకొను చిన్న ఆకురాయి యంత్రముతో ఆ దారులను తీర్చెను. రంధ్రములను ఊరక వెడల్పు చేసిన గాలి వేగము తగ్గి, మేలునకు బదులు కీడు కలుగును. వాల్వు పీటక్రింద నున్న కనుమను తీసి, మలుపును మృదువుచేసి, వాల్వు కూర్చుండు అంచును మూడు వాలులుగా కోయించవలెను. మఱియొక సంగతి: 1999 చివరివఱకు ఆ దేశమున సీసము కలిసిన పెట్రోలు సామాన్యముగ అమ్మిరి, ఆ సీసము వాల్వుపీటలకు రక్షగా నుండెను. ఇప్పుడది లేదు గనుక, పొగవాల్వులకు గట్టి లోహపు పీటలు వేయించుట తప్పనిసరి. ఇది లేతుపనివానికి ఇయ్యవలసిన సొమ్ము. ఇచట చేయి బిగబట్టరాదు.

పట్టికలో మొదటి వస్తువు

మా తమ్ముని పట్టికలో మొదటి వస్తువు ఇటలీజాతి జంటగొంతుల కార్బ్యురేటరు. చూచుటకు మిక్కిలి సొగసైనది, వెలయు అట్టిదే. నేను మా మరదలికి ఒక్క ప్రశ్న వ్రాసి పంపితిని: “హెడ్డును విప్పి, కడిగి, పగుళ్ళకై పరీక్షించినారా?” లేదని తేలినది. కొనినప్పుడు అమ్మినవాడు మంచిదని చెప్పినాడట. ఆమె కార్బ్యురేటరు సొమ్మును తన యొద్దనే యుంచుకొని, ముందు హెడ్డును పరీక్షకు పంపుమని పట్టుబట్టినది. రెండు వాల్వుల నడుమ వెండ్రుకవలె సన్నని పగులు కనబడినది. ఈ యింజన్లకు వేడివలన అచ్చటనే పగులుట వాడుకయట. ఆ హెడ్డుతోనే రెండునెలలు శ్రమపడి యుండినచో, ఆ శ్రమయు, ఆ సొమ్మును, మా పిల్లల ప్రయాణమును ఒక్కకొండపై ఆవిరియై పోయియుండును. ఇంకొక హెడ్డును, ఈసారి పరీక్షించినపిమ్మటనే, కొనిరి. మా తమ్ముడు రెండుదినములు మాటలాడలేదట. మూడవదినమున పట్టికను చింపి, మఱియొక పట్టికను వ్రాసి, భార్యచేతి కిచ్చెను.

క్రొత్తపట్టికలో మొదట నిలిచినవి కంటికి కానరానివి: క్రాంకు బేరింగులు, నూనెపంపు, కామ్ గొలుసు, కనెక్టింగు రాడ్డుల బోల్టులు. ఇవి నాలుగును క్రొత్తవిగా కొనవలెను. ఇందులకు కారణమును లెక్కయే చెప్పును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగు ఇంజనులో పిస్టను సెకనుకు 200 మాఱులు ఆగి వెనుకకు మరలును. దాని పయనము 81 మిల్లీమీటర్లే యైనను సగటు వేగము సెకనుకు 16 మీటర్లు. ఆ గుంజుడునంతయు భరించునవి రాడ్డునకు రెండేసి బోల్టులు. ఒక బోల్టు తెగిన, రాడ్డు బ్లాకును చీల్చుకొని వెలుపలికి వచ్చును. ఆ కాసింత లోహమువద్ద పొదుపు చేసి యింజను మొత్తమును పోగొట్టుకొనినవారు పలువురు గలరట.

రెండవస్థానము లేతుపని. అరిగిన సిలిండర్లను అంగుళమున వేయింట ఇరువదిపాళ్ళు, అనగా అర మిల్లీమీటరు, బోరింగు చేయించిరి. దానితో పరిమాణము 1293 ఘ.సెం. అయినది. ఇంకను బోరు పెంచవచ్చును. కాని గోడ పలుచనైనకొలది రేపటి మరమ్మతునకు చోటుండదు. క్రాంకునకు సానపట్టించి, తిరుగునప్పుడు అదరకుండ తూకము సరిచేయించిరి.

మిగిలినది ఇంటిపని. నాలుగు పిస్టనులను, నాలుగు రాడ్డులను మా మరదలు కంసాలిత్రాసువంటి చిన్నత్రాసులో తూచి, అన్నిటికంటె తేలికైనదానికి సమముగ తక్కినవానిని, చెప్పినచోటనే, రవ్వంత రవ్వంత అరగదీయించినది. బ్లాకును వేడి సబ్బునీళ్ళతో కడిగి, నూనె పాఱు సన్నని త్రోవలన్నిటిని పొడవుబ్రష్షుతో తోమి, తక్షణమే ఆర్చి నూనె పూసిరి. ఆవకాయజాడీలో తడి యెట్టిదో, ఇంజనులో ఇనుపరజను అట్టిది. లోన చిటికెడు మిగిలినను సర్వము చెడును.

చెంచాడు లెక్క

ఇచట మా మరదలి విద్య నేను మిక్కిలి మెచ్చినది చెప్పెదను. పిస్టను క్రిందనుండి పైకెక్కునప్పుడు గాలిని ఎన్నిరెట్లు ఒత్తుననుటను బట్టి బలము మాఱును. ఒక్కొక్క సిలిండరు పీల్చునది 323 ఘ.సెం. పైన మిగులు ఖాళీ 40 ఘ.సెం. ఉన్నచో తొమ్మిదిరెట్లు ఒత్తిడి; 36 ఉన్నచో పదిరెట్లు. భేదము నాలుగు ఘ.సెం., చిన్నచెంచాడుకు తక్కువ. ఆ చెంచాడు ఖాళీని తగ్గించుటకు హెడ్డు అడుగును కొంచెము చదునుకోయించిన చాలును, దానికగు వ్యయమత్యల్పము. కాని పదిని మించినచో పెట్రోలు వేళగాని వేళ తనంతట మండి, పిస్టనును సుత్తితో కొట్టినట్లు కొట్టును.

అందుచే ఊహించుట పనికిరాదు, కొలువవలెను. హెడ్డును వెల్లకిలబెట్టి, గుంటపై చిన్న రంధ్రముగల గాజుపలకను గ్రీజుతో అంటించి, మందులవారి బ్యురెట్టుతో రంగుకలిపిన కిరసనాయిలు నింపి, ఎన్ని ఘ.సెం. పట్టినదో చూతురు. ఇట్లే నాలుగు గుంటలును. పిస్టనుపై పల్లము, గాస్కెట్టు మందము విడిగా కొలిచి కలుపవలెను. మా మరదలు నాలుగు సిలిండర్లను పదింటికి దగ్గఱగా, ఒకదానికొకటి సమముగ తెచ్చువఱకు విడువలేదు. కొలిచినదానిని మఱల కొలిచినది. తాండ్రచెట్టు క్రింద నలుడు చేసినదియు ఇదియే గదా!

కామ్‌షాఫ్టు ఎన్నికలోను మోజు పనికిరాదు. వాల్వులను చాలసేపు తెఱచియుంచు కామ్ మిక్కిలి వడిగా తిరుగునప్పుడు బలమిచ్చును. కాని కొండమలుపులో వేగము తగ్గినప్పుడు ఇంజను దగ్గి నీరసించును. ర్యాలీకి కావలసినది 2500 చుట్లనుండి 6000 చుట్లవఱకు విడువక లాగు బలము. కాబట్టి మితమైన కామ్‌నే కొనిరి. కార్బ్యురేటర్లుగా పాతవైన ఎస్‌యూ జంటను చౌకగా కొని, అరిగిన కడ్డీలను మార్చిరి. పొగగొట్టము కూడ వాడినదే.

ఇంజనును మొదట నడపినదినమున ఇరువది నిమిషములు 2000 చుట్లకు తగ్గకుండ నుంచిరి. క్రొత్త కామ్ మెల్లగ తిరిగిన నూనె చాలక అరిగిపోవును. తరువాత నూనె మార్చి, బిగింపులన్నియు చూచి, దొరలు తిరుగు పరీక్షాయంత్రముపై కారు నెక్కించి, నిప్పురవ్వ వేళను, పెట్రోలు పాళ్ళను సరిచేయించిరి. చక్రములకడ 78 అశ్వశక్తి చూపినది. కర్మాగారపు కూపర్ ఎస్‌కు ఇంజనుకడ చెప్పిన లెక్కయే 76. మొత్తము వ్యయము 1940 పౌనులు.

వేల్సు దేశపు కొండలలో జరిగిన యొక చిన్న ర్యాలీలో వారు తొలిసారి పాల్గొనిరి. మా తమ్ముడు నడపెను. పటమును గడియారమును మా మరదలు పట్టెను. గెలువలేదు, నడిమివరుసలో నిలిచిరి. రాత్రియంతయు వాన. ఇంజను ఒక్కమాఱైనను ఆగలేదు.

వేసవిలో పిల్లలతో వచ్చిరి. ఒక సాయంకాలము నేను నలోపాఖ్యానమును తీసి ఋతుపర్ణుని ప్రయాణపుఘట్టమును చదివితిని. మా తమ్ముడు తానే బాహుకుడనని చెప్పుకొని నవ్వెను. మా మరదలు నవ్వలేదు. తన చేతిసంచిలోనుండి చిన్నపుస్తకమును తీసి, మిగిలిన అరువది పౌనులు ఏ లెక్కలో వ్రాయవలెనని నన్నడిగినది.